గోపాల్‌పూర్‌లోనూ మహేంద్రగిరిలోనూ నాకు అన్నం పెట్టిన వారికి కృతజ్ఞతలు

పాలు, పెరుగు, నెయ్యి, తేనె సహా ప్రాణుల నుంచి వచ్చేదేదీ ముట్టని వీగన్‌ను నేను. అటువంటి వాణ్ణి ఒడిశాలోని గంజాం తీరంలో చేపల రేవైన గోపాల్‌పూర్‌కూ, అక్కడి నుంచి మహేంద్రగిరి అడవులకూ వెళ్ళి వస్తానంటే, గుణుపురంలో మా ఇంటివారు అటుకులు, వేయించిన వేరుశెనగపప్పు, బెల్లం మూట కట్టి ఇచ్చారు. ఆ మూటతో పెద్దగా పని పడలేదు. పని పడకుండా చూసుకున్న వారికి నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవడం కోసమే ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని వారిలో కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే తమ గురించేనని వారికి తెలుస్తుంది.

మొదటి కృతజ్ఞత బరంపురం స్టేషన్ నుంచి గోపాల్‌పూర్‌కు నన్ను తీసుకువెళ్ళిన ఆటో అన్నగారికి చెందాలి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి బరంపురంలో తెలుగు మాట్లాడేవారికి కొదవ లేదు, కానీ వంటగదిలో ఉండే మనిషికి తెలుగు వస్తుందన్న హామీ ఏమీ లేదు. ఈ సంగతి నాకంటే ముందు ఆయనకే తట్టింది. దారిలో టీ కొట్టు దగ్గర ఆపి, నేను తిననివన్నీ ఒక్కొక్కటే అడిగి, ఒక కాగితం మీద ఒడియా లిపిలో రాసి ఇచ్చారు. పాలు, పెరుగు, నెయ్యి, ఛెనా (పాలు విరిచి తీసే ముద్ద), తేనె అని నేను చెబుతూ ఉంటే, ఆయన వాటన్నిటికంటే పైన ఎండుచేప అని రాశారు. ఈ తీరంలో ఆకుకూరలోనూ వంకాయ కూరలోనూ రుచి కోసం చిటికెడు ఎండుచేప వేయడం మామూలేననీ, దాన్ని చాలామంది చేపల కూర కింద లెక్కే వేయరనీ ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. పాలు లేని అల్లం టీ కావాలంటే నాలీ చా అని అడగమని చెప్పిందీ ఆయనే. మీటరు లేని ఆటోలో ఎక్కువ అడుగుతారని భయపడిన వాణ్ణి, కాగితం రాసినందుకు రూపాయి కూడా పుచ్చుకోని మనిషిని చూశాను.

గోపాల్‌పూర్‌లో నేను దిగిన చోటికి దగ్గరలో ఒక చిన్న మెస్ ఉంది. దాన్ని నడిపే పెద్దాయన ఆ కాగితాన్ని రెండు సార్లు చదివి, దాల్మాతో తప్ప మిగతా వాటితో ఇబ్బంది లేదన్నారు. కందిపప్పులో పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి, చేమదుంప వేసి ఉడికించి, చివర కొబ్బరి కోరు చల్లే ఈ పప్పులో పాలు ఉండవు. చిక్కంతా ఆఖరి పోపుతోనే. ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపిన పంచ ఫుటణను అక్కడ నేతిలో వేయిస్తారు. పెద్దాయన పోపు పడకముందే నా వంతు పప్పును వేరే గిన్నెలోకి తీయించి, నెయ్యి కాచే గరిటెను పక్కన పెట్టి, ఇంకో ఇనుప గరిటెను బూడిదతో తోమించి, అందులో ఆవనూనె కాగబెట్టి పోపు వేయించారు. నూనె పొగ వదిలాక ఆవాలు చిటపటలాడుతుంటే ఆయన గరిటెను నా ముక్కు దగ్గరికి తెచ్చి, నెయ్యి వాసన లేదని నా చేతనే అనిపించుకున్నారు. అక్కడున్నన్నాళ్ళూ ప్రతి మధ్యాహ్నం ఇదే తంతు. ఊరికే మర్యాదకు ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టరు.

ఆ ఊళ్ళోనే పూర్తి శాకాహారం అని బోర్డు పెట్టుకున్న ఒక చోట, నెయ్యి వేయలేదని మూడుసార్లు ఒట్టు వేసి మరీ నెయ్యి దోశ పెట్టారు. దాని గురించి ఇంతకంటే రాయను.

సముద్రపు ఒడ్డున పాత రేవు గోదాముల మొండి గోడలను నాకు చూపించిన విశ్రాంత ఉపాధ్యాయుడు గారికి వేరుగా నమస్కరిస్తున్నాను. మన ప్రాంతపు కూలీలు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన ఓడలు ఆగిన రేవుల్లో ఇదొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దారి మూసుకుపోయాక రేవు సందడి అణగిపోయింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది కూడా గోపాల్‌పూర్ దగ్గరే. ఆ గోడల నీడలో నిలబెట్టి ఇదంతా చెప్పిన ఆయనే, ఆ తరువాత నన్ను ఒక తెలుగు మత్స్యకార కుటుంబం ఇంటికి తీసుకువెళ్ళారు.

ఆ ఇంట్లో జరిగిన ఆతిథ్యం గురించి కాస్త వివరంగా రాయక తప్పదు. మార్చి 20న ఒడిశా అంతటా పఖాళ దినం జరుపుకుంటారు, నేను వెళ్ళింది ఆ రోజుల్లోనే. రాత్రి నీళ్ళలో నానబెట్టి పులియనిచ్చిన అన్నం, దాని తరవాణితో సహా, మన ఉత్తరాంధ్ర ఇళ్ళలోనూ ఉన్నదే. కాకపోతే అక్కడ చాలామంది అందులో పెరుగు కలుపుతారు. ఇంటి పెద్దావిడ గారు "పెరుగు నేకపోతే ఎలాగ తింతావు బాబూ?" అని దిగులు పడుతూనే, నిమ్మాకు నలిపి, ఉప్పు, పచ్చిమిర్చి, కాస్త మామిడికాయ కోరు వేసి నా వంతు కలిపారు. పక్కన వేయించిన మినప వడియాలను వెల్లుల్లితోనూ ఆవనూనెతోనూ నలిపిన బొడి చూరా పెట్టారు. వారి పొయ్యి మీద అప్పటికే చేపల పులుసు ఉడుకుతోంది. చేపలు పట్టి బతికే ఇంట్లో చేప తినని అతిథికి ఒక్క మాట వెటకారం లేకుండా వేరే కుండ, వేరే గరిటె కేటాయించారు. వారి వృత్తిని నేను తప్పు పట్టడానికి వెళ్ళలేదని వారికి అర్థమైంది, నా నియమాన్ని వారూ తప్పు పట్టలేదు.

భోజనం అయ్యాక ఆ ఇంటి అబ్బాయి నన్ను ఋషికుల్య నది మొగ దాకా తీసుకువెళ్ళాడు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే తీరాల్లో అది ఒకటి. ఒక్కో తల్లి తాబేలు నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. వాటి రక్షణ కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ మొగ దగ్గర తీరానికి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. ఆ నెలల్లో తమ రాబడికి గండి పడుతుందని ఆ అబ్బాయి దాచలేదు. అయినా పిల్లలు ఇసుకలోంచి బయటికి వచ్చే రాత్రుల్లో కుక్కలను తరమడానికి ఊరివాళ్ళతో కలిసి తానూ కాపలా కాస్తానన్నాడు. పాలు మానడమే గొప్ప త్యాగమనుకునే నాబోటి వారు ఆ కుర్రవాడి పక్కన కాసేపు కూర్చోవాలి.

బరంపురంలో మా దూరపు బంధువైన పిన్నిగారికి కూడా రుణపడి ఉన్నాను. ఊరు పట్టుకు పేరుబడినది కనుక మా ఆవిడకు పట్టుచీర కొనిపెట్టాలని ఆవిడ ముందే అనుకున్నారు. పట్టుగూళ్ళను పురుగుతో సహా మరిగిస్తారని, అందుకే పట్టు వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎలా తెలుసుకున్నారో గానీ, గంజాం జిల్లా బొంకాయి ఊరి పేరుతో వచ్చే చీరల్లో నూలుది వెతికి తెచ్చి ఇచ్చారు. ఛెనాను కాల్చి చేసే తీపి వంటకం ఛెనాపోడాకు బదులు కొబ్బరి, బెల్లం పూర్ణంతో ఆవిరి మీద ఉడికించిన మండా పిఠా చేసి పెట్టారు. అది అచ్చం మన కుడుములాగే ఉంది.

ఇక మహేంద్రగిరి. 1501 మీటర్ల ఆ కొండను తూర్పు గాంగుల శాసనాలు గోకర్ణస్వామి నివాసంగా కీర్తించాయి. కొండ చుట్టూ ఉన్న సవర పల్లెల్లో ఒకదానిలో మాకు దారి చూపిన దంపతులు మొదట అడవి తేనె తెచ్చి ముందు పెట్టారు. వద్దంటే నొచ్చుకుంటారని జంకాను. వచ్చీరాని ఒడియాలో చెప్పాక, ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళి, చోడి (రాగి) అంబలిలో ఉప్పు, ఉల్లిపాయ వేసి, ఉడికించిన చిలగడదుంపలతో తెచ్చారు. ఎక్కి దిగిన అలసటకు అంతకు మించిన భోజనం ఉండదు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. పిల్లలకు నోటు పుస్తకాలు పంపితే చాలన్నారు, అవి పర్లాకిమిడి మీదుగా చేరాయని మొన్ననే కబురు వచ్చింది.

ఆటో అన్నగారు రాసిన కాగితాన్ని ఫోటో తీసి ఉంచాను. ఆ వైపు వెళ్ళే తెలుగు వీగన్‌లు ఎవరడిగినా పంపుతాను. మీ నియమాలు నావాటికి భిన్నమైతే ఒకటి రెండు వరుసలు కొట్టివేసుకోండి, ఎండుచేప వరుసను మాత్రం ఉంచండి.