2025–26 వార్షిక నివేదిక: ఫొటో కన్నా ముందు తేదీ

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ప్రదర్శన, పిల్లల తరగతులు ఎప్పట్లాగే జరిగాయి. వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగింది: మనం చేసే యుద్ధనౌకల, విమానాల మోడళ్లకి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి, దొరికినవాటిని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది. అందుకే నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాం.

మిగ్-21తో వచ్చిన చిక్కు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వాయుసేన వీడ్కోలు పలికింది. ఆ వెంటనే చాలామంది ఆ విమానం ప్లాస్టిక్ మోడల్ కిట్లు తెప్పించుకున్నారు. వీడ్కోలు రోజు ఫొటోలు ఎటు చూసినా దొరికాయి. వాటిని ముందు పెట్టుకుని 1971 నాటి విమానం మొదలుపెడితే మాత్రం పని చెడుతుంది. చండీగఢ్‌లో ఎగిరినవి బైసన్‌లు, అంటే బిస్ రకానికి ఆధునిక రూపం. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద దాడి చేసినవి ఎఫ్ఎల్ రకం, వాయుసేన లెక్కలో టైప్ 77. ఎఫ్ఎల్ వీపు సన్నం, బిస్ వీపు బాగా ఉబ్బు. ఎఫ్ఎల్ రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు రెండే, బిస్‌కి నాలుగు. ఎఫ్ఎల్‌కి లోపల ఫిరంగి లేదు, కావాలంటే పొట్ట కింద జీపీ-9 అనే ఫిరంగి పాడ్ తగిలించేవారు. బైసన్ ముందు అద్దం చట్రం లేకుండా ఒకే ముక్కగా ఉంటుంది. మోడల్ మీద అతికించే గుర్తుల (డీకాల్) షీటు మీద 1971 అని ముద్రించినంత మాత్రాన పెట్టెలోని ప్లాస్టిక్ ఎఫ్ఎల్ అయిపోదు. ముందు వీపు, తర్వాత పైలాన్ల రంధ్రాలు చూసి, ఆ తర్వాతే జిగురు తెరవండి.

నౌకలకీ ఇదే వర్తిస్తుంది. పాత విమానవాహక నౌక విక్రాంత్ (ఆర్ 11) 1961లో నౌకాదళంలో చేరింది, 1997లో విరమించింది. ముక్కు దగ్గర పైకి లేచిన స్కీ జంప్ కనిపిస్తే ఆ ఫొటో 1980ల మార్పుల తర్వాతది. 1971లో డెక్కు ముందుభాగం చదును, అక్కడ ఉన్నది విమానాల్ని ముందుకి విసిరే ఆవిరి కాటపుల్ట్. ముంబయిలో మ్యూజియంగా ఉన్నప్పుడు తీసిన ఫొటోలే ఎక్కువగా, స్పష్టంగా దొరుకుతాయి, కాబట్టి చెయ్యి వాటి మీదికే పోతుంది. విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. అది 1945లో అమెరికా నౌకాదళంలో చేరిన డయాబ్లో అనే టెంచ్ తరగతి జలాంతర్గామి. యుద్ధకాలపు ఫొటోల్లో దాని డెక్కు మీద ఫిరంగి కనిపిస్తుంది. 1964లో పాకిస్తాన్‌కి ఇచ్చేనాటికి స్నార్కెల్ (నీటి అడుగునుంచి గాలి తీసుకునే గొట్టం) అమర్చే మార్పు జరిగి ఫిరంగి పోయింది, పైగోపురం నునుపైన తొడుగు (సెయిల్)గా మారింది. దుకాణాల్లో తేలిగ్గా దొరికే రెండో ప్రపంచయుద్ధపు కిట్‌ని ఉన్నదున్నట్టు చేసి ఘాజీ అని పేరు రాయడం సరికాదు.

అందువల్ల ఈ ఏడాది నుంచి సంఘం ఫైళ్లకి ఒక కట్టుబాటు పెట్టాం. ప్రతి ఫొటో మీద నౌక పెన్నెంట్ నంబరు (పక్కన రాసే గుర్తింపు సంఖ్య) లేదా విమానం సీరియల్ నంబరు, కనీసం సంవత్సరం, ఎక్కడినుంచి తెచ్చామన్నది రాయాలి. తేదీ లేనిది వేరే కవరులో ఉంటుంది. దాన్ని ఆకారం కోసం చూడొచ్చు, రంగుకీ గుర్తులకీ వాడకూడదు.

విశాఖలో కొలతలు

పొద్దున్న రైలెక్కితే చేరే దూరంలో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉండడం మన అదృష్టం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉంది. జలాంతర్గామి అడుగుభాగాన్ని, మూడు ప్రొపెల్లర్లని నేల మీద నిలబడి చూడగలిగే చోట్లు తక్కువ. అయితే సందర్శకుల కోసం పక్కన కోసిన ద్వారాలు, మెట్లు అసలు నౌకలో లేవు. రంగు కూడా ఉప్పుగాలికి తట్టుకోవడానికి మళ్లీ మళ్లీ వేసినదే, అది సేవాకాలపు రంగుకి సాక్ష్యం కాదు.

ఫోన్ మామూలు లెన్స్ వైడ్‌గా ఉంటుంది. దగ్గర నిలబడి తీస్తే మధ్యభాగం ఉబ్బి, రెండు కొసలూ కుంచించుకుపోతాయి. వీలైనంత వెనక్కి వెళ్లి 2 లేదా 3 రెట్ల జూమ్‌తో, నౌక పక్కభాగానికి లంబంగా నిలబడి తీయండి. వివరాలకి మబ్బు రోజు మంచిది. రేకు సొట్టలు, వెల్డింగ్ గీతలు కావాలంటే పొద్దుటి ఏటవాలు ఎండ కావాలి. దగ్గరి ఫొటోల్లో 10 సెం.మీ. పట్టీలుగా ఎరుపు, తెలుపు రంగులేసిన మీటరు కర్ర పెట్టండి.

లెక్క ఇలా. కురుసుర పొడవు 91.3 మీటర్లు. మీ ఫొటోలో అది 3652 పిక్సెళ్లు వస్తే మీటరుకి 40 పిక్సెళ్లు, అంటే ఒక్కో పిక్సెల్ 2.5 సెం.మీ. 1/350 స్కేల్లో అది 0.07 మి.మీ., మన బ్లేడుకి అందని సూక్ష్మం. మోడల్ పొడవు 26.1 సెం.మీ. రావాలి. రానప్పుడు ముందు మీరు ముద్రించుకున్న ప్లాన్‌ని (నౌక కొలతల చిత్రాన్ని) అనుమానించండి. జిరాక్స్ షాపులో ‘పేజీకి సరిపడా’ అన్న సెట్టింగుతో ముద్రిస్తే ప్లాన్ రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. స్కేలు గీత లేని ప్లాన్ ముద్రించొద్దు. ఉన్నదాన్ని ముద్రించాక రూలరుతో అడ్డంగా, నిలువుగా రెండువైపులా కొలవండి.

ఎదురుగానే మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానం దగ్గర ప్రొపెల్లర్లు బాగా చూసిరండి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు రెక్కలు, మొత్తం 32. ముందువాటి మెలికకి వెనకవాటి మెలిక అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. ప్రదర్శనకి వచ్చిన మోడళ్లలో ఇదే ఎక్కువగా తప్పుతోంది.

దూరపు భాండాగారాలు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ దృశ్యపు నమూనా (డయోరమా) పని సాగుతోంది. ఆ విమానాల్ని పంపిన విమానవాహక నౌక ర్యూజో. దానికి వేర్వేరు కాలాల రూపాలున్నాయి. 1942కి కావలసింది ముక్కు డెక్కు ఒక అంతస్తు ఎత్తిన రూపం, జంట 12.7 సెం.మీ. ఫిరంగులు ఆరు కాదు, నాలుగు. జపాన్ ప్రభుత్వ ఆసియా చారిత్రక పత్రాల కేంద్రం వెబ్‌సైటులో విమానదళాల రోజువారీ పోరాట నివేదికలు ఉచితంగా చూడొచ్చు. నౌక పేరు జపనీస్ లిపిలో అతికించి వెతకండి. ఇంగ్లిష్ పేరుతో వెతికితే చాలా పత్రాలు పైకి రావు. రక్షణ పత్రాల సంఖ్యలు ‘సి’తో మొదలవుతాయి.

బ్రిటిష్ వైపు కావాలంటే లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 శ్రేణి చూడాలి, అది స్క్వాడ్రన్ల రికార్డు పుస్తకం. ఫారం 540లో సారాంశం, 541లో ఏ పైలట్ ఏ విమానం ఎప్పుడు ఎక్కాడన్నది ఉంటుంది. సీరియల్ తేల్చుకోవడానికి రెండోదే పనికొస్తుంది. నౌకల లాగ్ పుస్తకాలు ఏడీఎం 53లో ఉన్నాయి. గ్రీనిచ్ నౌకా మ్యూజియం ప్లాన్లలో ‘యాజ్ ఫిటెడ్’ (కట్టాక ఉన్న రూపం) అని ఉన్నవే అడగండి. మిగతావి డిజైను దశవి కావచ్చు, అలా కట్టి ఉండకపోవచ్చు.

నలుపు తెలుపు ఫొటోల నుంచి రంగు ఊహించేటప్పుడు తొందరపడొద్దు. ఆర్థోక్రొమాటిక్ అనే పాత రకం ఫిల్ముకి ఎరుపు కనపడదు, నల్లగా వస్తుంది. పసుపు కూడా ముదురుగానే పడుతుంది, నీలం తేలిపోతుంది. పైగా రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశాల ఆగ్నేయాసియా కమాండ్ విమానాల గుండ్రటి గుర్తుల్లో జపాన్ సూర్యుడితో పొరపడకూడదని ఎరుపు తీసేసి రెండు నీలాలే వాడారు. కాబట్టి ఆ గుర్తు మధ్య చుక్క లేతగా ఉంటే అది ఫిల్ము చేసిన మాయ అనుకోకండి.

శ్రీకాకుళం కథానిలయంలోని పాత పత్రికల్లో 1971 డిసెంబరు, 1972 జనవరి సంచికలు దొరికితే చూడాలని ప్రతిపాదన వచ్చింది. అచ్చు బొమ్మల చుక్కల వల్ల పెద్దవి చేసి చూడలేం. కింద రాసిన వ్యాఖ్య మాత్రం తేదీకి ఆధారమవుతుంది. వచ్చే ఏడాది భారత జాతీయ అభిలేఖాగారం వారి ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో వెతుకులాట కూడా చేపడతాం.

ఒక హెచ్చరిక. ఇప్పుడు సేవలో ఉన్న నౌకల్ని, నేవీ స్థావరాల్ని, డాక్‌యార్డుని ఫొటోలు తీసి ఫైలుకి పంపొద్దు, వచ్చినా తీసుకోం. మీ ఇళ్లలో నేవీలోనో, ఎయిర్‌ఫోర్స్‌లోనో చేసిన పెద్దల పాత ఫొటోలుంటే 600 డీపీఐలో స్కాన్ చేసి పంపండి, వెనకవైపు రాత ఉంటే దాన్ని కూడా.