శనివారం యూరిన్ టెస్ట్: కోత, పాలిష్ పని చేసేవాళ్లు తప్పక చదవండి

అన్నలకు, తమ్ముళ్లకు, అక్కలకు నమస్తే.

ఈ శనివారం సాయంత్రం షిఫ్ట్ అయిపోగానే మడికొండ షెడ్డు దగ్గర ఒంట్లో ఆర్సెనిక్ (కర్రకు పట్టించే మందులో ఉండే విషం) ఎంత ఉందో చూడటానికి యూరిన్ శాంపిల్ తీసుకుంటారు. మందు పట్టించిన కర్ర కోసేవాళ్లు, రందా పట్టేవాళ్లు, పొట్టు ఊడ్చేవాళ్లు అందరూ రావాలి.

శనివారమే ఎందుకని కొందరు అడిగారు. పీల్చిన దుమ్ములో ఆర్సెనిక్ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి పోతుంది. రక్తంలో కొన్ని గంటలే ఎక్కువగా ఉంటుంది, అందుకే రక్త పరీక్షతో పెద్దగా తెలియదు. లివర్ దానికి మిథైల్ అనే చిన్న రసాయన ముక్క జత చేసి ఎంఎంఏ, డీఎంఏ అనే రూపాల్లోకి మారుస్తుంది, కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. చాలా భాగం కొన్ని రోజుల్లో పోతుంది కానీ, రోజూ పీలుస్తుంటే వారం చివరికి పేరుకుంటుంది. సరిగ్గా కరగని రకాలైతే ఊపిరితిత్తుల్లోనే ఎక్కువ కాలం ఉండిపోతాయి. నాకు ఎక్కువ భయం వీటితోనే. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు, బీడీ సిగరెట్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

బుధవారం నుంచి సముద్రపు చేపలు, రొయ్యలు, పీతలు తినకండి. వాటిలో పెద్దగా హాని చేయని ఆర్సెనిక్ ఉంటుంది, లెక్క తప్పుతుంది. పొరపాటున తింటే దాచకుండా చెప్పండి.

శాంపిల్ ఇచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, పని బట్టలు మార్చుకోండి. డబ్బాలో దుమ్ము పడొద్దు.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోపు ఇక్కడ పేరు పెట్టండి. డబ్బాలు అంతవరకే తెప్పిస్తాం.