స్కోరు కార్డులో కీపర్‌కు ఒక వరుస

సంపాదకులకు,

అయ్యా,

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ మైదానాల్లో జరిగే క్రికెట్ పోటీల ఫలితాలకు మీ జిల్లా పుటల్లో కొంత చోటు ఇస్తున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. ఇరవై ఏళ్లకు పైగా ఆదివారాలు స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్న మనిషిగా, ఆ వార్తల్లో నాకు కనిపిస్తున్న ఒక లోటును మీ దృష్టికి తేవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవరు ఎన్ని పరుగులు చేశారో వస్తుంది, ఎవరు ఎన్ని వికెట్లు తీశారో వస్తుంది. వికెట్ల వెనుక నిలబడినవాడు ఎన్ని క్యాచ్‌లు పట్టాడో, ఎందరిని స్టంప్ చేశాడో (అంటే గీత దాటి ముందుకు వచ్చిన బ్యాటర్ వెనక్కి చేరేలోపు బంతితో వికెట్లు పడగొట్టి ఔట్ చేశాడో) మాత్రం రాదు. దీన్ని ఎందుకు పట్టించుకోవాలో చెప్పాలంటే నూరేళ్ల కిందటి ఒక ఇంగ్లండ్ కీపర్ సంగతి కొంత వివరంగా రాయక తప్పదు. ఓపికతో చదవగలరు.

అతని పేరు ఫ్రెడ్ హ్యూయిష్. 1869లో లండన్‌లోని క్లాఫమ్‌లో పుట్టాడు. 1895 నుంచి 1914 దాకా, అంటే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఆట ఆగిపోయేదాకా, కెంట్ కౌంటీ జట్టుకు కీపింగ్ చేశాడు. మొత్తం 497 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో (కౌంటీల వంటి పెద్ద జట్లు రోజుల తరబడి ఆడేవి) 933 క్యాచ్‌లు పట్టి, 377 మందిని స్టంప్ చేసి, 1,310 మందిని ఇంటికి పంపాడు. అందులో కెంట్ తరఫున చేసినవే 1,253. కెంట్ తన కౌంటీ చాంపియన్‌షిప్‌లను 1906, 1909, 1910, 1913 సంవత్సరాల్లో గెలుచుకున్న కాలమంతా వికెట్ల వెనుక ఉన్నవాడు ఇతనే. ఒకే సీజన్‌లో నూరు మందిని ఔట్ చేసిన మొదటి కీపర్ కూడా ఇతనే. 1911లో సరిగ్గా 100 మందిని, మళ్లీ 1913లో 102 మందిని ఔట్ చేశాడు. ఇన్ని చేసినా ఇంగ్లండ్ తరఫున ఒక్క టెస్టు మ్యాచ్ ఆడలేదు. క్రికెట్ అంటే చెవి కోసుకునే మన కుర్రవాళ్లలో ఈ పేరు విన్నవాడు నాకైతే ఇంతవరకు తారసపడలేదు.

1911లో ఔట్ చేసిన ఆ నూరు మందిలో 62 మంది క్యాచ్‌లకు, 38 మంది స్టంపింగ్‌లకు పోయారు. ఈ 38 అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగమని మనవి. మనకందరికీ తెలిసిన మహేంద్ర సింగ్ ధోనీ తన 90 టెస్టుల్లోనూ కలిపి చేసిన స్టంపింగ్‌లు కూడా 38. ధోనీని తగ్గించి చెప్పాలని నా ఉద్దేశం కాదు, ఆయన చేతి వేగం చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ని. పైగా రెండు కాలాల ఆటలు వేరు. ఆనాడు ఇంగ్లండ్‌లో మ్యాచ్ నడుస్తుండగా వాన పడితే పిచ్‌ను కప్పేవారు కాదు. తడిసిన నేల ఎండకు ఆరుతున్నప్పుడు బంతి విపరీతంగా తిరిగేది, ఒక బంతి ఛాతీ దాకా లేస్తే మరుసటిది పాదాల దగ్గరే జారిపోయేది. అటువంటి నేల మీద నెమ్మది బౌలర్లకు బ్యాటర్ ముందుకు వచ్చి ఆడక తప్పదు, వచ్చినవాడు బంతిని అందుకోలేకపోతే వెనుక కీపర్ కాచుకుని ఉంటాడు. కెంట్‌కు ఆ రోజుల్లో కాలిన్ బ్లైత్ అనే గొప్ప ఎడమచేతి స్పిన్నర్ ఉండేవాడు. 1907లో నార్తాంప్టన్‌షైర్ మీద ఒక్క రోజులోనే 48 పరుగులకు 17 వికెట్లు తీసినవాడు, తన జీవితంలో 2,503 ఫస్ట్‌క్లాస్ వికెట్లు పడగొట్టినవాడు, చివరికి 1917లో పాషెండేల్ యుద్ధభూమిలో ప్రాణం పోగొట్టుకున్నవాడు. బ్లైత్ గురించి రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ బంతిని వెనుక నిలబడి అందుకున్న చేతుల గురించి రాసినవాళ్లు తక్కువ.

స్టంపింగ్ ఎంత కష్టమో టీవీలో నెమ్మదిగా తిప్పి చూపే బొమ్మ వల్ల ఈ తరానికి అర్థం కాదేమోనని నా అనుమానం. కీపర్ స్టంపులకు ఆనుకుని కూర్చున్నప్పుడు బ్యాటర్ ఒళ్లు, బ్యాటు, ప్యాడ్లు అన్నీ కలిసి బంతిని కమ్మేస్తాయి. బ్యాట్‌కు తగులుతుందో తగలదో తెలియని ఆ అరక్షణంలో చేతులు ముందే కదలకూడదు, ఆలస్యంగానూ కదలకూడదు. బంతి గ్లౌజుల్లోకి వచ్చిన తర్వాత దాన్ని అదే కదలికలో స్టంపుల మీది బెయిల్స్ దాకా తీసుకువెళ్లాలి. లెగ్ సైడ్, అంటే బ్యాటర్ కాళ్ల వెనుకగా, వెళ్లే బంతి అయితే కీపర్ దాదాపు గుడ్డివాడితో సమానం. ఆ పైన ఆనాటి గ్లౌజులు ఈనాటి గ్లౌజులంత మందం కావు. వయసులో ఉన్నప్పుడు నేనూ రెండు మూడేళ్లు మ్యాటింగ్ వికెట్ మీద కీపింగ్ చేశాను. నా ఎడమచేతి ఉంగరపు వేలు ఈనాటికీ పూర్తిగా ముడుచుకోదు, అన్నం కలుపుకునేది కుడిచేయి కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ కష్టం తెలిసినవాడికే 1911లో ఓవల్ మైదానంలో కెంట్, సర్రే జట్ల మధ్య జరిగిన మ్యాచ్ విలువ తెలుస్తుంది. ఆ ఒక్క మ్యాచ్‌లో హ్యూయిష్ పది మందిని ఔట్ చేశాడు. అందులో క్యాచ్ ఒక్కటే, మిగిలిన తొమ్మిదీ స్టంపింగ్‌లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో తొమ్మిది స్టంపింగ్‌లన్నది నేటికీ ఎవరూ దాటని రికార్డు. మూడో అంపైర్ లేడు, కెమెరా లేదు, స్క్వేర్‌లెగ్ అంపైర్ కంటికి బ్యాటర్ పాదం గీత మీద ఉందో లేదో అంతే. తొమ్మిది సార్లు అంపైర్ వేలు పైకి లేచింది. అప్పటికి హ్యూయిష్ వయసు 41. మన దగ్గర నలభై దాటినవాణ్ని ‘అన్నా, నువ్వు అంపైరింగ్ చెయ్యరాదె’ అంటారు.

మరి ఇంగ్లండ్ జట్టులోకి ఎందుకు తీసుకోలేదు? దీనికి సులువైన జవాబు, అతను బ్యాట్‌తో పెద్దగా రాణించలేదన్నది. నిజమే, ఇరవై ఏళ్ల ఆటలో ఒక్క సెంచరీ లేదు, సగటు 13 పరుగుల దగ్గరే ఆగింది. 1896 నుంచి 1909 దాకా ఇంగ్లండ్ కీపర్‌గా వార్విక్‌షైర్‌కు చెందిన డిక్ లిల్లీ 35 టెస్టులు ఆడాడు (మనకు తెలిసిన ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ లిల్లీ వేరు). లిల్లీ మంచి కీపరే కాక బ్యాటింగ్ కూడా బాగా వచ్చినవాడు. హ్యూయిష్ మంచి వయసంతా లిల్లీ నీడలోనే గడిచిపోయింది. అయితే కథంతా బ్యాటింగ్ మీదకు నెట్టేస్తే అది న్యాయం కాదు. లిల్లీ తర్వాత వచ్చిన సర్రే కీపర్ హెర్బర్ట్ స్ట్రడ్విక్ బ్యాట్ పట్టుకుంటే హ్యూయిష్ కంటే ఏమంత మెరుగు కాదు, అయినా 28 టెస్టులు ఆడాడు. 1911–12 ఆస్ట్రేలియా పర్యటనలో మొదటి టెస్టు తర్వాత స్ట్రడ్విక్‌ను పక్కన పెట్టి ‘టైగర్’ స్మిత్‌ను తీసుకున్నప్పుడు కూడా కారణం పరుగులు కాదు. ఇంగ్లండ్ బౌలర్ ఫ్రాంక్ ఫాస్టర్ బౌలింగ్ స్మిత్‌కు సొంత కౌంటీలో బాగా అలవాటు. అంటే కీపర్‌ను బౌలర్‌తో జతగా చూసే తెలివి ఆనాటి సెలెక్టర్లకు లేకపోలేదు. ఒక్క కుర్చీకి నలుగురైదుగురు సమర్థులు పోటీ పడిన కాలమది, హ్యూయిష్ వయసు ఆ పోటీలో అడ్డు తగిలి ఉంటుందని నా ఊహ. 1909లో లిల్లీ దిగిపోయేనాటికి అతనికి నలభై నిండబోతున్నాయి.

విచిత్రమేమిటంటే, కెంట్‌లోనే కొన్నేళ్ల తర్వాత లెస్ ఏమ్స్ వచ్చాడు. నూరుకు పైగా సెంచరీలు చేసిన కీపర్ అతను. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అత్యధిక స్టంపింగ్‌లు, 418, అతని పేరు మీదే ఉన్నాయి. రెండో స్థానంలో 377తో హ్యూయిష్ ఉన్నాడు. ఒకే కౌంటీ వాళ్లు ఇద్దరు, ఒకరిని లోకం ఇంకా తలుచుకుంటోంది, రెండోవాడు 1957లో 87వ ఏట కన్నుమూసేనాటికే పాత పుస్తకాల్లోని అంకె అయిపోయాడు. ఆ అంకె అయినా మనదాకా ఎలా వచ్చిందో ఆలోచించండి. ఏ మైదానంలోనో ఎవరో ఒక స్కోరర్ ప్రతిసారీ బ్యాటర్ పేరు పక్కన ‘స్టంప్డ్ హ్యూయిష్’ అని రాశాడు, పత్రికవాడు దాన్ని అలాగే అచ్చు వేశాడు. ఆ రెండు మాటలు రాయడానికి ఎవరైనా బద్ధకించి ఉంటే ఓవల్‌లో పడిన ఆ తొమ్మిది వికెట్లూ ఒట్టి బౌలర్ల ఖాతాలోకి పోయేవి.

ఇంత దూరం వెళ్లనక్కర లేదు, మన హైదరాబాద్ కీపర్ పోచయ్య కృష్ణమూర్తిని చూడండి. 1971లో వాడేకర్ నాయకత్వంలో భారత్ వెస్టిండీస్‌లో మొట్టమొదటిసారి సిరీస్ గెలిచినప్పుడు అయిదు టెస్టుల్లోనూ కీపర్ ఆయనే. ఆ సిరీస్ అనగానే గవాస్కర్ 774 పరుగులు, సర్దేశాయ్ 642 పరుగులు గుర్తొస్తాయి, గుర్తు రావలసిందే. గవాస్కర్ మొదటి టెస్టు ఆడలేదు, కృష్ణమూర్తి ఏ ఒక్కటీ వదల్లేదు. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ బౌలింగ్‌ను పరాయి గడ్డ మీద అయిదు టెస్టులు మోసిన ఆ కీపర్‌కు ఆ తర్వాత మరో టెస్టు దక్కలేదు. ఆయన బ్యాటింగ్ బలహీనమేనని ఒప్పుకుంటాను. అయినా మన తెలంగాణ పత్రికల్లో ఆ విజయం గురించి రాసినప్పుడైనా ఆయన పేరు ఒక వాక్యానికి నోచుకోదా అని అడగకుండా ఉండలేను.

ఇక మన ఊరి సంగతి. కొన్నేళ్ల క్రితం సుబేదారి దగ్గర జరిగిన ఒక పోటీలో పదహారేళ్ల పిల్లవాడు ఒక ఆఫ్‌స్పిన్నర్ బౌలింగ్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో నలుగురిని స్టంప్ చేశాడు. 40 ఓవర్లలో అతను వదిలిన బైలు (బ్యాట్‌కు తగలకుండా కీపర్‌ను దాటిపోయిన బంతికి వచ్చే పరుగులు) రెండే. మర్నాడు ఒక పత్రికలో ఆ ఆఫ్‌స్పిన్నర్ ఫొటో వచ్చింది, ఆరు వికెట్ల వీరుడని పొగిడారు, మంచిదే. కీపర్ పేరు ఎక్కడా లేదు. ఆ పిల్లవాడు సాయంత్రం నా దగ్గరికి వచ్చి, ‘సార్, మీ బుక్కుల నా పేరు ఉందా, ఒక జిరాక్స్ తీసుకుంట’ అని అడిగాడు. తీసుకెళ్లి దాచుకున్నాడు. గల్లీ ఆటలో బౌలింగూ బ్యాటింగూ రానివాణ్ని కీపింగ్‌కు నిలబెట్టే అలవాటు మనకు ఉండనే ఉంది. ‘బాల్ ఆపేటోడు’ అని దానికి పేరు. పేపర్లో కూడా కనిపించకపోతే, రేపు ఏ పిల్లవాడైనా ఇష్టపడి గ్లౌజులు ఎందుకు తొడుక్కుంటాడు?

చోటు చాలదని మీ విలేకరులు అంటారని నాకు తెలుసు. వారి ఇబ్బంది అబద్ధం కాదు, జిల్లా పుటలో రోజూ పడే ఒత్తిడి బయటివాళ్లకు తెలియదు. అయితే టోర్నమెంటు వార్తల్లో టాస్ వేసినవారు, బ్యాట్ పట్టుకుని ఒక బంతి ఆడి పోటీలను ప్రారంభించినవారు, వేదిక మీద కూర్చున్నవారు, జ్ఞాపికలు అందించినవారు, వీరందరి పేర్లకు ఆరేడు వరుసలు పోతున్నాయి. అందులోంచి ఒక్క వరుస కీపర్లకు ఇప్పించండి. రెండు జట్ల కీపర్ల పేర్లు, క్యాచ్‌లు, స్టంపింగ్‌లు, వీలైతే వదిలిన బైలు. పూర్తి స్కోరు వేసినప్పుడు ‘(స్టంప్డ్)’ అని ఊరుకోకుండా ఆ పక్కన కీపర్ పేరు కూడా వేయాలి, జాతీయ మ్యాచ్‌లకు మీరు వేస్తున్న పద్ధతే అది.

సమాచారం అందడం లేదన్న మాట రాకుండా చూసే బాధ్యత నాలాంటి స్కోరర్లది. నేను కూర్చునే మ్యాచ్‌లకు మాత్రం ఆట ముగిసిన గంటలోపు స్కోరు పుస్తకం పుటల ఫొటోలు మీ హనుమకొండ కార్యాలయానికి పంపగలను. నా దస్తూరి అంత బాగుండదు, కీపర్ పేరు ఉన్న చోట పెద్ద అక్షరాలతో రాస్తాను.

ఇట్లు,
ఒక పాత స్కోరర్,
హనుమకొండ