గుమ్మంలో ఇరుక్కున్న ఎలుక

ఒరేయ్ శీనూ,

తిట్లన్నీ ముందే తిట్టేసుకో, ఆ తర్వాత చదువు. నీ ఉత్తరానికి మూడు వారాలు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. సాకులేమీ లేవు, బద్ధకమే. ఇక్కడ అందరం కులాసా. పాపకి జలుబు తగ్గింది. మామయ్యకి ఆ మూడో స్క్రూ దొరికిందట (నవ్వకు, నిజంగానే దొరికింది). మిగతా కబుర్లు ఇంకోసారి.

టీవీకి తగిలించే కొత్త స్ట్రీమింగ్ బాక్సు ఆర్డరు పెట్టేశావా? పెట్టకపోతే ఆగు. పెట్టేస్తే వెంటనే రద్దు చెయ్.

నీ ఉత్తరంలో ఇలా రాశావు: "యాప్‌లో ఫోర్కే (4K) సినిమా నీళ్ళలా సాగిపోతుంది, పిల్లల కార్టూన్లు మాత్రం కుంటుతున్నాయి, మాటలు మాత్రం ఆగవు." మొత్తం రోగం ఆ ఒక్క ముక్కలోనే ఉంది. మీ బావ దాన్ని చూసి "బాక్సు ముసలిదైపోయింది, మార్చెయ్" అన్నాడంటే నాకేం ఆశ్చర్యం లేదు. సీలింగ్ ఫ్యాను విషయంలోనూ అంతేగా అన్నాడు!

చూడు. నెట్ అందకపోతే బొమ్మా మాటా రెండూ ఆగిపోతాయి, చక్రం తిరుగుతుంది. నీ దగ్గర చక్రం లేదు, మాట ఆగదు, బొమ్మ ఒక్కటే వెనకబడుతోంది. అంటే కుదించిన డేటా వచ్చేసింది, దాన్ని బొమ్మగా విప్పడం బాక్సుకి చేతకావడం లేదు. మాట విప్పడం చిన్న పని కాబట్టి అది సాగిపోతుంది. ప్లేయరు మాటనే గడియారంగా పెట్టుకుని, బొమ్మ ఆలస్యమైతే ఫ్రేములు (వరసగా వచ్చే ఒక్కో నిశ్చల చిత్రం) పారేసి దాన్ని అందుకోవాలని చూస్తుంది. ఆ పారేసిన ఫ్రేములే నీకు కనిపించే కుంటుడు. (ప్రాసెసరు మరీ చతికిలబడితే మాట కూడా తడబడుతుందిలే, నీది అంతదాకా రాలేదు.)

అంతవరకూ బాగానే ఉంది. మరి ఫోర్కే మింగేసినది చిన్న కార్టూనుకి ఎందుకు గుటకలు మింగుతోంది? ఏనుగు దూరిన గుమ్మంలో ఎలుక ఇరుక్కోవడమేమిటి? నువ్వు చెప్పిన కార్టూను ఫైలు 24 నిమిషాలకి 400 ఎంబీ, అంటే సెకనుకి రెండు మెగాబిట్ల పైచిలుకు. ఫోర్కే స్ట్రీము 15 నుంచి 25 దాకా పోతుంది. లెక్క ప్రకారం కార్టూను దానికి చిటికెలో పని.

నువ్వు పంపిన ఆ స్క్రీను ఫోటోలో, అడుగున, నీ బొటనవేలు సగం మూసేసిన చోట, జవాబుంది. మీడియాఇన్ఫో (ఫైలు లోపలి వివరాలు చెప్పే ప్రోగ్రాము) చూపించిన లైను అది. ఫార్మాట్ ప్రొఫైల్ దగ్గర "హై 10" అని ఉంది. శీనూ, అది హెచ్.264 టెన్ బిట్! (హెచ్.264 అంటే వీడియోని కుదించే ఒక పద్ధతి, టెన్ బిట్ అంటే రంగుకి ఎక్కువ మెట్లు.)

ఇప్పుడు అసలు కథ. బాక్సులో వీడియో విప్పే పని ప్రాసెసరు చెయ్యదు. చిప్పులో దానికోసమే ఒక మూల కట్టి ఉంటుంది. ఆ మూలకి ఏ రకాలు నేర్పి పుట్టించారో అవే వస్తాయి, ఆ తర్వాత కొత్తవి నేర్పడం ఎవరి వల్లా కాదు. నీ బాక్సుకి హెచ్.264 ఎయిట్ బిట్ వచ్చు, దాని తర్వాతి తరం హెచ్.265 టెన్ బిట్ వచ్చు. ఈ రెండింటికీ మధ్య పడిన హెచ్.264 టెన్ బిట్ రాదు. ఎందుకంటే టీవీ ప్రసారాలూ బ్లూరే డిస్కులూ దాన్ని వాడనే లేదు, అందుకని చిప్పులవాళ్ళు పట్టించుకోలేదు. 2013లో హెచ్.265 వచ్చినప్పుడు టెన్ బిట్ ప్రొఫైలు మొదటి రోజునుంచే అందులో ఉంది, తర్వాత వెలుగునీడలు ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్‌కి అదే కావలసి వచ్చింది, కాబట్టి అందరూ పెట్టారు. పాపం 264 టెన్ బిట్ మాత్రం అనాథ.

మరి కార్టూన్లని ఫైళ్ళుగా చేసేవాళ్ళు దాన్నే ఎందుకు పట్టుకున్నారంటావా? గీసిన బొమ్మలో ఆకాశం చూడు, ముదురు నీలం నుంచి లేత నీలంలోకి నెమ్మదిగా జారుతుంది. ఎయిట్ బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. ఫైలు చిన్నది చేస్తే ఆ మెట్లు చారలుగా బయటపడతాయి. టెన్ బిట్‌లో 1024 మెట్లు, చారలు కనపడవు, ఫైలూ చిన్నగానే ఉంటుంది. 2011 ప్రాంతం నుంచి జపాన్ కార్టూన్ల (అనిమే) ఫైళ్ళు చేసే అభిమానులు చాలామంది అటే వెళ్ళారు. కంప్యూటరులో చూసేవాళ్ళకి ఇబ్బంది లేదు, దాని ప్రాసెసరుకి బలముంది. నీ బాక్సులో ఆ ప్రత్యేక మూల చేతులెత్తేస్తే పని ప్రాసెసరులోని నాలుగు చిన్న కోర్ల నెత్తిన పడుతుంది. 720పీ అయితే ఎలాగో లాక్కొస్తాయి, 1080పీలో పరుగు సన్నివేశం వచ్చిందంటే చతికిలబడతాయి.

కాబట్టి కొత్త బాక్సు తెచ్చినా చాలావాటిలో ఇదే తంతు! కొన్ని చిప్పుల్లో ఆ రకం ఉంది గాని అట్టపెట్టె మీద ఎవరూ రాయరు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుని, కొత్త ఇంట్లో అవే ఎలుకలతో కాపురం పెట్టినట్టు ఉండేది.

నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే చూడు. కోడి (Kodi అనే వీడియో ప్లేయరు యాప్) తెరిచి, కీబోర్డు తగిలించి, కార్టూను ఆడుతుండగా "ఓ" అక్షరం నొక్కు. పైన ఒక పట్టీ వస్తుంది. వీడియో డీకోడర్ అన్నచోట చివర బ్రాకెట్లలో హెచ్‌డబ్ల్యూ అని ఉంటే ఆ ప్రత్యేక మూల పనిచేస్తోంది, ఎస్‌డబ్ల్యూ అని ఉంటే ప్రాసెసరు మోస్తోంది. కార్టూనుకి ఎస్‌డబ్ల్యూ వస్తుంది, పందెం. అదే ఎస్‌డబ్ల్యూ మామూలు సినిమాలకీ వస్తే మాత్రం సంగతి వేరు. సెట్టింగ్స్‌లో ప్లేయర్, అందులో వీడియోస్, కింద స్థాయిని ఎక్స్‌పర్ట్‌కి మార్చి, మీడియాకోడెక్ పేరుతో ఉన్న రెండు స్విచ్చులూ వేసున్నాయో లేదో చూడు. వాటిని ఎవరో ఆపేసి ఉంటే బాక్సు తప్పేమీ లేదు. (ఎవరో అంటే ఎవరో నేను చెప్పను. ఫ్యాను.)

ఇంకొకటి, ఇది తప్పక చెయ్: సబ్‌టైటిల్స్ ఆపి ఒకసారి చూడు. ఆ కార్టూన్లలో రంగులు మారుతూ ఎగిరే అక్షరాలుంటాయి చూశావా, పాటల దగ్గర మరీను. వాటిని ప్రతి ఫ్రేముకీ ప్రాసెసరే గీయాలి. అవి ఆపగానే బొమ్మ సాఫీ అయితే దొంగ వేరే అన్నమాట.

మందు. హ్యాండ్‌బ్రేక్ (వీడియోని వేరే రకంలోకి మార్చే ప్రోగ్రాము) నీ కంప్యూటరులో ఉందిగా. ఫైలు తెరిచి, ఫార్మాట్ ఎంకేవీ పెట్టు. వీడియో ట్యాబులో ఎన్‌కోడరు ఎక్స్265 టెన్ బిట్, ఫ్రేమ్‌రేటు సేమ్ యాజ్ సోర్స్, ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) 20 నుంచి 22, ప్రీసెట్ మీడియం. ఆడియో పాస్‌త్రూ, అంటే తాకకుండా దాటించెయ్. సబ్‌టైటిల్స్ దగ్గర బర్న్ ఇన్ టిక్కు తీసెయ్, లేకపోతే అక్షరాలు బొమ్మలో శాశ్వతంగా కలిసిపోతాయి. మొత్తం సీరియల్ని ఒకేసారి వరసలో పెట్టి పడుకోకు, నీ సంగతి నాకు తెలుసు. ముందు రేంజ్‌లో సెకండ్స్ ఎంచుకుని 300 నుంచి 420 దాకా రెండు నిమిషాల ముక్క తీసి బాక్సులో ఆడించు. హెచ్‌డబ్ల్యూ అని వచ్చిందా, అప్పుడు మిగతావి. పాతవి చెరిపెయ్యకు, రెండోసారి ఎన్‌కోడ్ చేస్తే నాణ్యత కొంచెమైనా తగ్గుతుంది.

ఎంకేవీని ఎంపీ4 చేస్తే చాలదా అంటావేమో. చాలదు. అది సీసా మార్చడమే, లోపలి సరుకు అదే.

హమ్మయ్య. ఇది చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

మెనూ నెమ్మది గురించి కూడా అడిగావు. అది వేరే రోగం, దానికీ బాక్సు మార్చక్కర్లేదనే నా అనుమానం. ఎనిమిది జీబీ నిల్వ అన్నారంటే సిస్టమ్ తినగా నీకు మిగిలేది నాలుగైదు. ఆ మెమరీ నిండేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, ఎందుకంటే కొత్తది రాయాలంటే ముందు పాత గళ్ళు ఖాళీ చేసుకోవాలి, ఖాళీ లేకపోతే ప్రతిదానికీ ఆగాలి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూడు. ఒక జీబీ కన్నా తక్కువ మిగిలి ఉంటే అదే కారణం అనుకో. వాడని యాప్‌లు తీసెయ్, వాడేవాటికి క్లియర్ క్యాషే చాలు. క్లియర్ డేటా నొక్కావంటే లాగిన్లన్నీ పోతాయి, పోయినసారిలా నాకు ఫోన్ చెయ్యకు. పెన్‌డ్రైవు పెట్టి దాన్ని లోపలి నిల్వగా మార్చే ఆలోచనొద్దు, నాసిరకం పెన్‌డ్రైవుతో ఉన్న నెమ్మది రెట్టింపవుతుంది.

యాప్ నుంచి బయటికొచ్చిన ప్రతిసారీ హోమ్ స్క్రీను మొదటినుంచి లోడ్ అవుతోందా? అయితే అది ర్యామ్ చాలకపోవడం. రెండు జీబీ బోర్డుకి అతికి ఉంటుంది, పెంచలేవు. అసలు ఇలాంటి బాక్సులకి హార్డ్‌వేర్ అప్‌గ్రేడ్ అన్న మాటకే అర్థం లేదు. లోపల ఏదీ మారదు, మార్చగలిగినవన్నీ బయటివే: అడాప్టరు, కేబులు, నెట్ తీగ, గాలి తగిలే చోటు. చివరిది నవ్వులాటకి కాదు. టీవీ వెనక గోడకి నొక్కిపెట్టిన బాక్సు ముప్పావుగంట బాగా ఆడి, ఆ తర్వాత కుంటితే అది వేడి. చిప్పు తనని కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. బయటికి తీసి పక్కన పెట్టు, అంతే. టీవీ యూఎస్‌బీ పోర్టునుంచి కరెంటు ఇస్తున్నావా? చాలా పోర్టులు అరఆంపియరు దగ్గర ఆగిపోతాయి, చిన్న స్టిక్కులకి కూడా ఒక ఆంపియరు కావాలి. ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేది అందుకే.

మీ ఆవిడ చెప్పిన "కెమెరా పక్కకి తిరిగితే బొమ్మ వణుకుతుంది" అన్నది మాత్రం రోగం కానే కాదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు గీస్తుంది. 24తో 60 సమంగా పోదు కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు, అంటే 33 మిల్లీసెకన్లు, 50 మిల్లీసెకన్లు, మళ్ళీ 33. ఆ తేడానే ఆవిడ కన్ను పట్టింది. ఆవిడ కన్ను మంచిది, నీది కాదు. కోడిలో అదే వీడియోస్ పేజీలో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ అని ఉంటుంది, ఆన్ స్టార్ట్ స్టాప్ అని పెట్టు. మిగతా యాప్‌లకి బాక్సు సెట్టింగ్స్‌లోనే మ్యాచ్ కంటెంట్ ఫ్రేమ్ రేట్ లాంటిదేదో వెతుకు. సినిమా మొదలయ్యేటప్పుడు తెర రెండు క్షణాలు నల్లబడుతుంది, కంగారు పడకు. ఇవి పెట్టినా సుమారు 40 సెకన్లకోసారి ఒక్క కుదుపు మిగిలితే, బాక్సు సినిమా అసలు వేగం 23.976కి బదులు నిఖార్సైన 24 ఎంచుకుందన్నమాట, అది... సర్లే, వస్తే అప్పుడు చూద్దాం.

జెల్లీఫిన్ (ఇంట్లోని సినిమాలు టీవీకి పంపే సర్వరు) పెట్టాక కంప్యూటరు ఫ్యాను మోత అన్నావు. సినిమా ఆడుతుండగా డ్యాష్‌బోర్డు తెరువు, ట్రాన్స్‌కోడింగ్ (వీడియోని అప్పటికప్పుడు వేరే రకంలోకి మార్చడం) అని ఉంటే దాని కారణం కూడా అక్కడే కనిపిస్తుంది. బ్లూరే నుంచి తీసిన ఫైళ్ళలో సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. చాలా ప్లేయర్లకి వాటిని చూపించాలంటే సర్వరు వీడియో మీద అద్ది మొత్తం మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యాలి. ఎస్‌ఆర్‌టీ (అక్షరాల సబ్‌టైటిల్స్) ఫైలు పక్కన పెడితే మోత ఆగుతుంది.

మరి ఎప్పుడు కొనాలి? యాప్‌లో బొమ్మ ఎంత తన్నుకున్నా 480పీ దాటకపోతే, వైడ్‌వైన్ (యాప్‌లు సినిమాకి వేసే తాళం) స్థాయి చూడు. ఎల్3 అని ఉంటే ఏ అప్‌డేటూ దాన్ని ఎల్1 చెయ్యదని అనుకో, ఆ తాళంచెవి ఫ్యాక్టరీలోనే పెట్టాలి. ఏవీ1 అనే వీడియో రకాన్ని విప్పే మూల లేకపోతే అదీ అంతే, 2018లో వచ్చిన ఆ రకం నెమ్మదిగా అన్నిచోట్లా పాకుతోంది. పాత హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే ఫోర్కే 30 దగ్గరే ఆగుతుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి, యాప్‌లు ఒక్కొక్కటే "మీ పరికరానికి కుదరదు" అనడం మొదలుపెడితే అదీ వీడ్కోలే. నీ ముసలి బాక్సుకి వీటిలో ఒక్కటీ పట్టలేదు, ఏవీ1 తప్ప, అదీ ఇప్పుడు నీకు అడ్డం రావడం లేదు.

ఇంకా నీ వంద మెగాబిట్ల నెట్ పోర్టు గురించి రాద్దామనుకున్నాను. స్ట్రీమింగ్‌కి అది ధారాళం, కానీ అల్ట్రా హెచ్‌డీ బ్లూరే ఫైళ్ళు ఒక్కోసారి 128 దాకా ఎగురుతాయి, అప్పుడు తీగ కన్నా ఐదు గిగాహెర్ట్జ్ వైఫై... అయ్యో, కింద హారను కొడుతున్నారు, మామయ్య స్క్రూ డబ్బాతో సహా దిగాడు. ఆ ముక్క ఎలా ఆడిందో వెంటనే రాయి, హెచ్‌డబ్ల్యూనా ఎస్‌డబ్ల్యూనా, అదొక్కటి రాసినా చాలు.

నీ
బుజ్జి