పెద్దయ్యాక పోతుందన్నారు, నాకు నలభై రెండు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పిల్లలు ఊరికే కళ్ళు చికిలించడం, మెడ విదిలించడం గురించి రాశారు. వాటిని టిక్స్ అంటారనీ, పిల్లల్ని కొట్టొద్దు, తిట్టొద్దనీ చెప్పినందుకు సంతోషం. మా చిన్నప్పుడు ఎవరైనా ఈ మాట రాసి ఉంటే మా అయ్యవారి స్కేలు నా వీపు మీద విరిగేది కాదు. కానీ చివర్లో ‘పెద్దయ్యేసరికి అదే పోతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చాలామందికి బాగా తగ్గిపోయే మాట నిజమే. నాకు పోలేదు. నాకిప్పుడు నలభై రెండేళ్ళు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం.

కావలిలో కళ్ళద్దాల షాపు నాది. అద్దాలు అమ్మేవాడి కళ్ళే టపటపలాడుతుంటే కొనేవాళ్ళు ఊరుకుంటారా? “ముందు నువ్వు చూపించుకోన్నా” అని నవ్విపోయినవాళ్ళు ఎందరో. మగాడికి కుడికన్ను అదిరితే శుభమంటారు. ఆ లెక్కన ఈపాటికి నేను ట్రంకు రోడ్డు మొత్తం కొనేసి ఉండాలి.

ఆరేడేళ్ళప్పుడు కళ్ళతో మొదలైంది. పదకొండో ఏటికి మెడకు పాకింది. ఆ తర్వాత గొంతు, నిమిషానికోసారి సవరించుకోవడం. అమ్మ తాయెత్తు కట్టించింది. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గాకు తీసుకెళ్ళి, స్వర్ణాల చెరువులో నిలబెట్టి, ఆరోగ్యం రొట్టె పట్టించింది. పదిహేడో ఏటికి నిజంగానే తగ్గింది. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇవ్వాలి కదా, అమ్మ వెళ్ళి ఇచ్చేసి వచ్చింది. ఇరవై ఆరులో షాపు పెట్టి అప్పు నెత్తికెక్కాక అన్నీ తిరిగొచ్చాయి. ఆ సంగతి అమ్మకు చాన్నాళ్ళు చెప్పలేదు. ఇచ్చేసిన రొట్టె వెనక్కి అడగలేం కదా.

చిన్నపిల్లాడు కన్నార్పితే ముద్దుగా ఉంటుంది. మీసం ఉన్నవాడు ఆర్పితే వేరు. రెండేళ్ళ కింద నెల్లూరు నుంచి బస్సులో వస్తున్నా. ఎదురుగా ఒకమ్మాయి నిలబడి ఉంది. నా కుడికన్ను రెండు మూడు సార్లు పడింది. ఆ పిల్ల చూసింది. చూసిందని నాకు తెలిసింది, తెలిశాక ఇక ఆగుతుందా, వరసగా పడటం మొదలైంది. ఆమె అన్న వచ్చి కాలరు పట్టుకున్నాడు. “ఏందయ్యా, పెళ్ళాం బిడ్డలుండే వయసులో కన్ను కొడతన్నావా?” ఇది జబ్బు నాయనా అని చెప్పబోతే మాటకు బదులు గొంతు సవరింపే వచ్చింది. అది విని ఇంకా రెచ్చిపోయాడు. కొడవలూరు దగ్గర నేనే దిగిపోయి తర్వాతి బస్సు ఎక్కా. ఆ పిల్లది తప్పని నేననను. ఆ చోట మా అమ్మాయి ఉంటే నేనూ కాలరే పట్టుకునేవాణ్ణి.

ఆపుకోలేవా అని అందరూ అడిగేదే. ఆపుకోగలను, కాసేపు. తుమ్ము వచ్చేముందు ముక్కులో ఎలా ఉంటుందో, అలాంటిదొకటి కంటి వెనక, మెడ పక్కన పేరుకుంటుంది. కదిపితే గానీ తీరదు. తుమ్మును ఎంతసేపు ఆపగలరు? పెళ్ళిలో ముందు వరసలో కూర్చుని గంటసేపు బిగబట్టుకుంటే, ఇంటికొచ్చి తలుపేసుకుని ఆ గంట బాకీ తీర్చాలి. ఇంకో విచిత్రం చెబుతా. లెన్సు అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టేటప్పుడు, ఆవగింజంత స్క్రూ బిగించేటప్పుడు నాకు కన్నూ కదలదు, మెడా కదలదు. స్క్రూడ్రైవరు కింద పెట్టానో లేదో మళ్ళీ మొదలు. పనిలో మనసు లగ్నమైతే టిక్స్ తగ్గడం ఈ జబ్బు లక్షణమే. అది తెలియక, “చూశావా, కావాలనే చేస్తాడు” అంటారు. మా బామ్మర్ది ఇప్పటికీ అంటాడు.

కంటి డాక్టరు పొడిబారిందని చుక్కలు రాశాడు. గొంతు డాక్టరు ఎలర్జీ అన్నాడు. ఇంకొకాయన టెన్షన్ తగ్గించుకోమన్నాడు, ఎలాగో చెప్పలేదు. ఇలా పదకొండేళ్ళు గడిచాక పినాకిని రైలెక్కి చెన్నై వెళ్ళి నరాల డాక్టరుకు చూపించుకున్నా. ఆయన ఏ స్కానింగూ రాయలేదు. “ఎన్నో ఏట మొదలైంది? కదలిక వచ్చేముందు లోపల ఎలా ఉంటుంది?” అని అడిగాడు. ఆ రెండో ప్రశ్న అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు. బల్ల ఇవతల కూర్చుని ఏడ్చేశా.

1885లో జిల్ ద లా టూరెట్ అనే ఫ్రెంచి డాక్టరు తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన జబ్బు ఇదేనట. ఆయన పేరే దీనికి పెట్టారు. కదలికల టిక్స్ ఒకటికి మించి ఉండి, గొంతు టిక్ ఒక్కటైనా తోడై, పద్దెనిమిదేళ్ళ లోపు మొదలై ఏడాది దాటితే టూరెట్ సిండ్రోమ్ అంటారు. రక్తపరీక్షలో దొరకదు. నోట బూతులొచ్చే జబ్బని దీనికి పేరు పడింది గానీ, అవి వచ్చేది పదిమందిలో ఒకరిద్దరికే.

మందులు వాడా. తగ్గిన మాట నిజం, కానీ షాపులో కునికిపాట్లు, ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగా. చీటీ చూసి మందుల షాపు కుర్రాడు “ఇది పిచ్చికిచ్చేది కదన్నా” అని గట్టిగా అనడం ఒకటి. డాక్టరుతో మాట్లాడి మోతాదు తగ్గించుకుని, ఆయన పంపితే అక్కడే సైకాలజిస్టు దగ్గర ప్రవర్తన చికిత్సకు చేరా. ముందు వారం రోజులు ఏ టిక్ ఎప్పుడు, ఎక్కడ వస్తుందో కాగితం మీద రాయించారు. తర్వాత ఒక్కోదానికి ఎదురు పని నేర్పించారు. మెడ విదిలించాలనిపించగానే గడ్డం కొంచెం దించి మెడ కండరాలు మెల్లగా బిగించి, ఆ సలుపు పోయేదాకా అలాగే ఉండాలి. గొంతుకైతే నోరు మూసుకుని ముక్కుతో నిదానంగా ఊపిరి. కంటికైతే నెమ్మదిగా, లెక్కగా ఆర్పడం. ఇంతే. మిషనూ లేదు, సూదీ లేదు.

ఇదేదో చిట్కా వైద్యం కాదు. ఈ పద్ధతి 1973 నుంచీ ఉంది. 2012లో అమెరికాలో పదహారేళ్ళు దాటిన 122 మంది మీద పరీక్షించి చూస్తే, ఇది నేర్చుకున్నవాళ్ళలో నూటికి 38 మందికి బాగా గుణం కనిపించింది. ఊరికే ధైర్యం చెప్పి పంపినవాళ్ళలో నూటికి ఆరుగురికే. అక్కడి నరాల వైద్యుల అకాడమీ 2019లో మందుల కంటే ముందు దీన్నే చూడమంది. వీడియోలో కూడా చెప్పొచ్చంది. నూటికి 38 అంటే అందరికీ పనిచేయదనే అర్థం, అదీ చెప్పాలి. నాకు మెడ బాగా తగ్గింది, గొంతు సగం. కన్ను మాత్రం మాట వినలేదు.

అమెరికాలో జరిగిన ఆ పరీక్షలో దీనికి పట్టింది ఎనిమిది సిట్టింగులు, పది వారాలు. నాకూ దాదాపు అంతే పట్టింది. కానీ ఆ ఎనిమిదికీ ఎనిమిదిసార్లు షాపు మూసి, రైలెక్కి, లాడ్జిలో పడుకుని, ఒక్కో ట్రిప్పుకి మూడు వేల పైన పెట్టా. నాకు షాపుంది కాబట్టి సరిపోయింది. రొయ్యల చెరువు కాడ కాపలా ఉండేవాడు ఏం చేస్తాడు? బడి పిల్లలకు పద్దెనిమిదేళ్ళ దాకా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య పరీక్షలు చేసేవాళ్ళున్నారు. పంతొమ్మిదో ఏట నుంచి ఎవడి తంటా వాడిదే.

నేను అడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, దానికి పెద్దాసుపత్రి ఉంది. అక్కడ ఒక్క సైకాలజిస్టుకు ఈ పద్ధతి నేర్పించండి. వారంలో ఒక పూట కేటాయించండి, ఆ సంగతి ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కన తెలుగులో బోర్డు పెట్టండి. దూరం నుంచి రాలేనివాళ్ళకు ఫోన్లో వీడియో ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన 14416 టెలి మానస్‌ నంబరుకు ఫోన్ చేసినవాళ్ళకు కూడా ఎక్కడికెళ్ళాలో చెప్పగలగాలి. మీరు కూడా వచ్చే ఆదివారం ఆ వాక్యం పక్కన ‘కొందరికి పోదు, వాళ్ళకూ వైద్యం ఉంది’ అని ఒక లైను వేయండి.

ఈ సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నా. నాలాంటివాళ్ళు ఎవరైనా వస్తే ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద పెడదాం. వరసలో ఎవరో ఊరికే గొంతు సవరించుకుంటూ ఉంటారు చూడండి, అది నేనే.

ఇట్లు,
కళ్ళద్దాల షాపాయన,
కావలి