తోటలోనూ సరస్సులోనూ: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని రెండు చోట్ల సాగింది: ఉత్తర అమెరికా ఆదివాసులైన అనిషినాబే కుటుంబాలతో కలిసి వేసిన తోటలో, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర సరస్సుల్లో జరిగిన మనూమిన్ అనే ధాన్యం కోతలో. ఏం వేయాలో, ఎప్పుడు కోయాలో చెప్పవలసింది వాళ్లు. చేతిసాయం మన వంతు. ఒక్కసారి ఈ క్రమం తప్పాం, దాని ఫలితం తోటలోనే కనిపించింది.

మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడిని ఒకే మట్టిదిబ్బ మీద పండించడం అక్కడి పాత పద్ధతి. మొక్కజొన్న కాడ చిక్కుడు తీగకు ఊత. చిక్కుడు వేళ్ల బుడిపెలు నేలకు నత్రజని ఇస్తాయి. గుమ్మడి ఆకులు తేమ ఆరకుండా, కలుపు లేవకుండా కాస్తాయి. పని తొందరగా తెమిలిపోతుందని మూడు విత్తనాలూ ఒకే రోజు నాటేశాం. చిక్కుడు తీగలు లేత మొక్కజొన్నను చుట్టుకొని వంచేశాయి. తోట చూసే పెద్దావిడ మనల్ని పల్లెత్తు మాట అనలేదు. మొక్కజొన్న జానెడు ఎదిగాకే చిక్కుడు పెట్టాలని చెప్పి, వంగిన మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోయించారు. ముందే ఆమెను అడగకపోవడం కార్యవర్గం తప్పు.

మనూమిన్‌ను బయటివారు అడవి వరి అంటారు. లోతులేని నీటిలో, రాలిన గింజ నుంచి ఏటా కొత్తగా మొలిచే గడ్డిజాతి మొక్క ఇది. ఆగస్టు చివర మొదలయ్యే కోతలో కొడవలి ఉండదు. పడవలో ఒకరు గెడ వేస్తుంటే, మరొకరు ఒక సీడర్ చెట్టు కర్రతో కంకులను పడవలోకి వంచి రెండో కర్రతో సుతారంగా తడతారు. పండిన గింజలే రాలుతాయి. కొన్ని నీళ్లలో పడి వచ్చే ఏటికి విత్తనమవుతాయి. ఒడ్డున వాటిని వేయించి, మెత్తని పాదరక్షలతో తొక్కి పొట్టు వదిలించి, భూర్జ బెరడు చేటలతో చెరిగారు. కోతకు వచ్చిన సభ్యులు ఈ పనులన్నింటిలో చేయి వేశారు.

1837లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో భూములు వదులుకుంటూనే, అనిషినాబేలలో ఒక తెగ అయిన ఓజిబ్వేలు వేట, చేపలు, అడవి వరి సేకరణ హక్కులను రాయించుకున్నారు. అవి నేటికీ చెల్లుతాయని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2018లో మిన్నెసోటాలోని వైట్ ఎర్త్ ప్రాంత ఓజిబ్వేలు మనూమిన్‌కే హక్కులు కల్పిస్తూ చట్టం చేశారు. అయినా జూన్‌లో, ఆకులు నీటిపై తేలే దశలో నీటిమట్టం ఒక్కసారిగా పెరిగితే మొక్క వేళ్లతో సహా లేచిపోతుంది. అప్పుడు హక్కు ఉండీ కోయడానికి పంట ఉండదు.

తోట విత్తనాలు తమకూ కావాలని కొందరు సభ్యులు అడిగారు. ఇవ్వలేదు. అవి ఆ కుటుంబాలవి. విత్తనాలపై ఆదివాసుల హక్కును ఐక్యరాజ్యసమితి 2007 ప్రకటన కూడా గుర్తించింది. ఈ నిర్ణయం కొందరిని నొప్పించిందని తెలుసు, దాన్ని మార్చుకునే ఉద్దేశం లేదు.

జమాఖర్చులు కోశాధికారి సభలో వివరిస్తారు. వచ్చే జూన్‌లో సరస్సు నీటిమట్టాన్ని రోజూ కొలిచి రాసిపెట్టమని కుటుంబాలు మనల్ని కోరాయి. ఒడ్డుకు దగ్గరలో ఉండే సభ్యులు దయచేసి సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి