రిమోట్ డిస్‌ప్లేకు ఒక్క పోర్టు చాలదా?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. సెలవుల్లో పలమనేరు, పుంగనూరు వైపు ఇళ్లకు వెళ్లిన పిల్లలు అక్కడి నుంచే మా లినక్స్ సర్వర్‌లో పని చేసుకోవడానికి వీఎన్‌సీ (దూరంలోని కంప్యూటర్ తెరను తమ తెర మీదికి తెచ్చుకుని వాడే సాఫ్ట్‌వేర్) వాడతారు. వాళ్ల పాత లాప్‌టాప్‌లలో పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్ నడవదు కాబట్టి ఇది నిజంగా గొప్ప సదుపాయం. ఇబ్బందంతా కనెక్ట్ అయ్యేదాకానే.

1990లలో కేంబ్రిడ్జిలోని పరిశోధనశాలలో వీఎన్‌సీ పుట్టినప్పటి లెక్కే ఇంకా నడుస్తోంది. ఒక్కొక్కరి డెస్క్‌టాప్‌కు ఒక డిస్‌ప్లే నంబరు ఇస్తాం, దానికి 5900 కలిపితే పోర్టు, అంటే సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు, వస్తుంది. ఒకటో డిస్‌ప్లేకు 5901, రెండోదానికి 5902. పిల్లలు తమ లాప్‌టాప్‌లో తెరిచే చాలా వీఎన్‌సీ వ్యూయర్లలో సర్వర్ అడ్రసు పక్కన ఒక కోలన్ (:) పెడితే డిస్‌ప్లే నంబరు, రెండు కోలన్లు పెడితే పోర్టు నంబరు. రేపు రికార్డు ఇవ్వాలనగా రాత్రి ఫోన్ చేసి "సార్, కనెక్ట్ కావట్లేదు" అని ఏడుపు గొంతుతో చెప్పే అమ్మాయికి ఈ కోలన్ల లెక్క ఎందుకు? తప్పు నంబరులో ఉందో, పోర్టులను మూసి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఉందో తెర మీద వచ్చే మెసేజ్ చూసి ఆమెకు అర్థం కాదు.

నా అసలు భయం వేరే. ఈ తలనొప్పి పడలేక కొందరు పోర్టులన్నీ ఒకేసారి తెరిచేస్తారు, ఇంకొందరు ఫైర్‌వాల్‌నే ఆపేస్తారు. వీఎన్‌సీ పాత పద్ధతి పాస్‌వర్డులో మొదటి 8 అక్షరాలే లెక్కకు వస్తాయి. తెర మీది సమాచారానికి దానంతట అది ఎన్‌క్రిప్షనూ (దారిలో ఇంకెవరూ చదవలేకుండా చేసే రక్షణ) ఇవ్వదు. అలాంటిదాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేయడం ప్రమాదం.

కొండకు వెళ్లే వాహనాలన్నిటినీ అలిపిరిలో ఒకేచోట తనిఖీ చేస్తారు. పైకి వెళ్లాక ఎవరి బస వారిది. ఇక్కడా అంతే జరగాలి. అందరూ 443 పోర్టులోంచే రావాలి, లాగిన్ అయ్యాక ఎవరి డెస్క్‌టాప్‌కు వాళ్లను సాఫ్ట్‌వేరే పంపాలి. హాస్టల్ వైఫైలలో మిగతావి మూసేసినా వెబ్‌సైట్ల కోసం 443 తెరిచే ఉంచుతారు. ఇది కొత్త విద్యేమీ కాదు. వీఎన్‌సీని బ్రౌజర్‌లోనే చూపించే నోవీఎన్‌సీ, దాన్ని సర్వర్‌తో కలిపే వెబ్‌సాకిఫై అనే ప్రోగ్రాములు కలిపి మా ల్యాబ్‌లో ఇలాగే పెట్టుకున్నాం, పిల్లలకు బ్రౌజర్ ఉంటే చాలు. కానీ సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్లు, ఎవరిని ఏ డెస్క్‌టాప్‌కు పంపాలో చెప్పే టోకెన్ ఫైళ్లు అన్నీ చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. ఆ పని తెలిసిన మనిషి ప్రతి కళాశాలలో ఉండడు.

అందుకే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి నా మనవి: ఇన్‌స్టాల్ చేయగానే ఈ ఏర్పాటు సిద్ధంగా ఉండాలి. ఎక్కడ ఆగిందో, ఏం చేయాలో మెసేజ్ తెలుగులోనూ రావాలి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కొనే కళాశాలలు కూడా కొటేషన్ అడిగేటప్పుడే ఎన్ని పోర్టులు తెరవాలో రాసివ్వమనాలి. ఒకటికి మించి అడిగితే కారణం చెప్పమనాలి.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి